వెనకబడినవాడికి వరం: దైవ పురుషకారాల వివాదం, ఒక పందెపు ఆట

మనిషి జీవితంలో జరిగేదానికి మూలం అతడి ప్రయత్నమా, అతడి చేతిలో లేని మరేదైనానా అన్న ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో దైవ పురుషకారాల వివాదంగా ప్రసిద్ధి పొందింది. ఈ వివాదంలో దైవం అంటే గుడిలో కొలువైన దేవుడని అర్థం కాదు. ముందుగా ఊహించలేనిది, అడ్డుకోలేనిది, అడగకుండానే వచ్చి మీదపడేది ఏదైనా దైవమే. పురుషకారం అంటే బుద్ధితో ఆలోచించి, ఒళ్లు వంచి మనిషి స్వయంగా చేసే పని. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు ఈ రెండింటిలో ఏది మిన్న అని భీష్ముణ్ణి అడిగితే, ఆయన బ్రహ్మకు వసిష్ఠుడికి జరిగిన సంవాదాన్ని వినిపించి, పురుషకారం పొలమైతే దైవం అందులో పడే విత్తనమని, రెండూ కలిస్తేనే పంట అని తేల్చుతాడు. ఒక్క చక్రంతో రథం కదలనట్టే పురుషకారం తోడుకాని దైవం ఫలించదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పింది. యోగవాసిష్ఠం ఇంకొక అడుగు ముందుకు వేసి, దైవమనేది వేరే లేదని, మనిషి నిన్న చేసిన ప్రయత్నమే నేడు దైవమన్న పేరుతో అతడికి ఎదురుపడుతుందని, నేటి ప్రయత్నం బలమైనదైతే నిన్నటిదాన్ని గెలవగలదని వాదించింది.

ఇంతటి ప్రశ్నను టీవీ ముందు కూర్చుని ఆడే ఒక కార్ల పందెం దగ్గర నిలిపి పరిశీలించడం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. అయితే జూదం, చదరంగం, వైకుంఠపాళి వంటి ఆటలను ఆధారం చేసుకుని విధిని గురించి, నీతిని గురించి ఆలోచించడం ఈ దేశంలో ఎప్పటినుంచో ఉన్నదే. 1992లో జపాన్‌లో వెలువడి, మూడు దశాబ్దాలు దాటినా తన వరుస ఆటలతో కోట్లమందిని కూర్చోబెడుతున్న సూపర్ మారియో కార్ట్ ఆకర్షణకు కారణమేమిటని వెతికితే, ఆ వెతుకులాట తిన్నగా దైవ పురుషకారాల వివాదం దగ్గరకే చేరుతుంది. ఆ ఆటలో ప్రయత్నానికి ఎంత చోటుందో అనుకోనిదానికీ దాదాపు అంత చోటుంది. ఆ రెండింటి పాళ్లను కలిపిన తీరే దాని ఆయువుపట్టు.

వేములవాడ పండితుడి నిర్ణయం

ఆటలోకి వెళ్లేముందు, ఈ వివాదం ఈ నేల మీద ఎలా సాగిందో చూడాలి. నేటి తెలంగాణలోని రాజన్న సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట ప్రాంతానికి అది పరాయిది కాదు. అదే జిల్లాలో ఉన్న వేములవాడ పదో శతాబ్దంలో రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యుల రాజధాని. ఆదికవి అని కన్నడిగులు కొలిచే పంపడికి ఆశ్రయమిచ్చింది ఆ వంశపు రాజైన రెండో అరికేసరి. ఆ కాలంలోనే సోమదేవసూరి అనే జైనాచార్యుడు ఈ నేల మీద నివసించి, క్రీ.శ. 959లో గంగాధరలో యశస్తిలక చంపువును పూర్తిచేశాడు. లేంబులపాటకంలో, అంటే వేములవాడలో, బద్దెగ రాజు కట్టించిన శుభధామ జినాలయానికి సంబంధించి మూడో అరికేసరి 966లో సోమదేవుడికి గ్రామదానం చేసిన సంగతి పర్భణి తామ్రశాసనం వల్ల తెలుస్తుంది.

సోమదేవుడి మరో గ్రంథం నీతివాక్యామృతం. రాజనీతిని చిన్నచిన్న సూత్రాలుగా 32 సముద్దేశాల్లో, అంటే 32 ప్రకరణాల్లో, కూర్చిన ఆ గ్రంథంలో షాడ్గుణ్యాన్ని, అంటే పొరుగు రాజ్యాల పట్ల రాజు అనుసరించే ఆరు విధానాలను, గురించిన భాగం దైవ మానుషాల విచారణను చేపడుతుంది. ధర్మాధర్మాలు దైవమని, నయానయాలు మానుషమని, లోకం నడిచేది ఈ రెండింటి వల్లనేనని ఆయన నిర్ణయం. ఇందులో నయం అంటే సరైన విధానం, అనయం అంటే తప్పుడు విధానం. అనుకోకుండా వచ్చిపడినది దైవాధీనమని, తెలిసి చేసిన పనివల్ల మేలును పొందడం, కీడును తప్పించుకోవడం మానుషాధీనమని ఆయన గీత గీశాడు. దైవం అనుకూలంగా ఉన్నా పని చేయనివాడికి శుభం లేదని కూడా ఆయన హెచ్చరించాడు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు వేసిన బాటలోనే సోమదేవుడు నడిచాడన్నది నిజమే గానీ, రాజ్యం పుట్టడం, గిట్టడం కళ్లారా చూసే ఒక సామంతరాజ్యపు నీడలో కూర్చుని, మానుషమన్నదాన్ని వ్యక్తి శ్రమగా మాత్రమే కాక విధానంగా కూడా గుర్తించడంలో ఉన్న లోతు ఈ వ్యాసానికి ఆధారం. ఆటల విషయంలోనూ, అంతకంటే ముఖ్యంగా జీవితం విషయంలోనూ, నయమన్న ఆ భావన మరుగునపడితే దైవ పురుషకారాల లెక్క తప్పుతుంది.

ఆట నిర్మాణం

పందెపు ఆటను తయారుచేసిన నింటెండో సంస్థ 1889లో జపాన్‌లోని క్యోటో నగరంలో పేకముక్కల తయారీతో మొదలైంది; అదృష్టం చేతికి వచ్చే ముక్కల రూపంలో, నేర్పు ఆ ముక్కలను వాడే తీరులో ఉండే ఆటలతోనే దాని చరిత్ర ఆరంభమైందన్నమాట. 1990లో ఆ సంస్థ ఎఫ్ జీరో అనే అతివేగపు కార్ల పందేన్ని విడుదల చేసింది. అది ఒక్కరే ఆడే ఆట. ఇద్దరు పక్కపక్కనే కూర్చుని ఒకే టీవీ మీద ఆడగలిగే పందెం కావాలన్న ఆలోచనతో తదాషి సుగియామా, హిదెకి కొన్నో దర్శకులుగా, షిగేరు మియమోటో నిర్మాతగా సూపర్ మారియో కార్ట్ రూపొందింది. తెరను అడ్డంగా రెండు భాగాలు చేయవలసి రావడంతో పొడవాటి దారుల వేగం కుదరక, మలుపులు దగ్గరదగ్గరగా ఉన్న చిన్న బాటలు, వాటికి తగిన కార్ట్‌లు, అంటే పైకప్పులేని బుల్లి బండ్లు, వచ్చాయి. ఎనిమిది పాత్రలు, 20 బాటలు ఉన్న ఆ ఆట 87 లక్షల పైచిలుకు ప్రతులు అమ్ముడైంది. 1996లో వచ్చిన మారియో కార్ట్ 64 నలుగురిని ఒకే తెర ముందుకు తెచ్చింది. 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ అమ్మకాలు 6 కోట్లు దాటాయి. 2025లో మారియో కార్ట్ వరల్డ్ వచ్చిన తర్వాత కూడా, 1992 నాటి తొలి ఆటను కొత్త కన్సోల్ మీద తెరచి ఆడేవారు ఉన్నారు.

తెలుగు పట్టణాల్లో 1990లలోను, ఆ తర్వాతి దశకంలోను టీవీకి తగిలించి ఆడిన చౌకరకం వీడియో గేమ్ పెట్టెల్లో మారియో పరుగు ఆట ఉండేది గానీ, కార్ట్ పందెం ఉండేది కాదు. క్యాసెట్లు అని పిల్లలు పిలుచుకున్న ఆ ప్లాస్టిక్ డబ్బీలు, ఆ పెట్టెలు దాన్ని మోసేంత శక్తిగలవి కావు. అందువల్ల ఈ ఆట విదేశాల్లో పెరిగిన తెలుగు పిల్లలకు తెలిసినంతగా ఇక్కడి పిల్లలకు చాలాకాలం తెలియలేదు. ఆట పద్ధతి మాత్రం ఎవరికైనా క్షణంలో అర్థమవుతుంది, అలవడడానికే ఏళ్లు పడుతుంది.

మలుపు దగ్గరి సంగతి చూస్తే ఇది స్పష్టమవుతుంది. తొలి ఆటలో కంట్రోలర్ పైఅంచున ఉన్న మీట నొక్కితే బండి చిన్నగా ఎగురుతుంది. నేల తాకేలోపు దిక్కు మార్చి మీటను అలాగే పట్టుకుంటే చక్రాలు జారుతూ మలుపు తిరుగుతాయి. లిప్తకాలం ముందు నొక్కితే బండి లోపలి గడ్డిలోకి దిగి వేగం కోల్పోతుంది, లిప్తకాలం ఆలస్యమైతే బయటిగోడకు కొట్టుకుంటుంది. దారిలో ఏరుకున్న నాణేలు పది వరకూ బండి వేగాన్ని పెంచుతాయి. ఇదంతా పురుషకారం, సాధన చేసినవాడికే లొంగుతుంది.

దైవం ప్రశ్నార్థకం గుర్తున్న పలకల రూపంలో బాట మీద పరచుకుని ఉంటుంది. బండి దాని మీదుగా వెళ్లగానే తెర పైభాగాన బొమ్మలు గిరగిరా తిరిగి ఒకదాని దగ్గర ఆగుతాయి: ముందున్నవాణ్ణి కొట్టే తాబేటి చిప్ప, వెనకవాడు జారిపడేలా దారిలో వదిలే అరటితొక్క, వేగం పెంచే పుట్టగొడుగు, కాసేపు ఏ దెబ్బా తగలకుండా కాచే నక్షత్రం, మిగిలిన అందరినీ ఒక్కసారిగా చిన్నవాళ్లను చేసే పిడుగు. ఏది వస్తుందో ముందుగా తెలియదు, అయినా అది పూర్తిగా గుడ్డిది కాదు. ముందున్నవాడికి అరటితొక్క వంటి అల్పమైనవే తరచుగా దక్కుతాయి, అట్టడుగున ఉన్నవాడికే నక్షత్రమో పిడుగో దక్కే అవకాశం ఎక్కువ. మారియో కార్ట్ 64లో నీలిరంగు ముళ్లచిప్ప వచ్చి చేరింది. వెనకబడినవాడు దాన్ని వదిలితే అది బాట వెంట పరుగెత్తి అందరికంటే ముందున్నవాణ్ణి వెతికి కొడుతుంది. తర్వాతి ఆటల్లో చిట్టచివర ఉన్నవాణ్ణి ఫిరంగిగుండుగా మార్చి, కాసేపు అతడి ప్రమేయం లేకుండానే ముందుకు తీసుకుపోయే వరం కూడా వచ్చింది.

అయిదు కారణాలు

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగడానికైనా అయిదు కారణాలు ఉంటాయన్న సాంఖ్యుల లెక్క వస్తుంది. అధిష్ఠానం అంటే పని జరిగే ఆధారం, కర్త అంటే చేసేవాడు, కరణం అంటే సాధనం, చేష్టలు అంటే రకరకాల కదలికలు, అయిదోది దైవం. ఈ అయిదూ పందెపు ఆటలో విడివిడిగా కంటికి కనిపించడం విశేషం. బాట అధిష్ఠానం, ఆడేవాడు కర్త, బండీ కంట్రోలరూ కరణాలు, ఎగరడం, జారడం, తప్పుకోవడం చేష్టలు, తిరిగే బొమ్మల పలక దైవం. జీవితంలో ఈ అయిదూ ముడిపడి, గెలిచినవాడు తన గెలుపునంతా కర్త ఖాతాలో, ఓడినవాడు తన ఓటమినంతా దైవం ఖాతాలో వేసుకోవడం పరిపాటి. గీత ఆ లెక్క చెప్పింది సరిగ్గా ఈ పొరపాటును దిద్దడానికే. అయిదు కారణాలు పనిచేస్తుండగా తానొక్కడినే కర్తనని భావించేవాడు సరిగా చూడనివాడని అక్కడి తాత్పర్యం.

ఆట ఈ పాఠాన్ని బోధించదు, అనుభవానికి తెస్తుంది. చివరి చుట్టులో చివరి మలుపు దగ్గర ముందున్నవాడి మీద నీలిచిప్ప పడి, అతడి బండి పల్టీకొడుతుండగా ముగ్గురు దాటిపోయి ముగింపు గీత చేరుకున్నప్పుడు, అతడు అంతవరకూ చేసిన తప్పేమీ లేదు. అదే పందెంలో ఏడో స్థానం నుంచి నక్షత్రంతో దూసుకొచ్చి రెండోవాడిగా చేరినవాడు కూడా ఉత్త చేతులతో రాలేదు. నక్షత్రం దొరికిన క్షణంలో దాన్ని ఎక్కడ వాడాలో, ఏ గడ్డిమీదుగా అడ్డదారిన పోవాలో అతడికి తెలిసుండాలి. గెలిచినవాడు తానొక్కడే కర్తనని గట్టిగా చెప్పుకోలేకపోవడం, ఓడినవాడు తానే కారణమని కుంగిపోకపోవడం ఈ ఆట తర్వాత గదిలో మిగిలే వాతావరణం. తాతా మనవడూ, ఆరితేరినవాడూ అప్పుడే కంట్రోలర్ పట్టినవాడూ కలిసి ఆడినా మనసులు విరగకపోవడానికి కారణం అదే.

పక్షపాతమన్న ఆక్షేపం

వెనకబడినవాడికి వరమివ్వడం, ముందున్నవాణ్ణి కొట్టడం పక్షపాతం కాదా అన్న ఆక్షేపం ఈ ఆట మీద మొదటినుంచీ ఉన్నది. శ్రమించి ముందుకొచ్చినవాడి శ్రమను ఆట దోచుకుంటున్నదని, నేర్పుకు విలువ లేకుండా చేస్తున్నదని పోటీని ప్రేమించేవారు అంటారు. ఆశ్చర్యమేమిటంటే ఇదే ఆక్షేపం వేదాంతంలో సాక్షాత్తూ ఈశ్వరుడి మీద వచ్చింది. లోకాన్ని సృష్టించడం ఈశ్వరుడికి ఏ ప్రయోజనమూ ఆశించని లీల అని, అంటే ఆట వంటిదని, బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయంలో చెబుతాయి. వెంటనే వచ్చే సూత్రంలో రెండు ఆరోపణలకు సమాధానం ఉంటుంది. ఒకరిని సుఖంలో, ఒకరిని దుఃఖంలో పుట్టించడం వైషమ్యం, అంటే పక్షపాతం. దుఃఖాన్ని కల్పించడం నైర్ఘృణ్యం, అంటే దయలేనితనం. శంకరులు భాష్యంలో ఇచ్చిన సమాధానం ప్రకారం ఈశ్వరుడు వాన వంటివాడు. వాన అన్ని పైర్లకూ సమానంగా కురిసినా, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం వాటి విత్తనాలను బట్టి జరుగుతుంది. ఈశ్వరుడు ఇచ్చేది జీవుల కర్మను అనుసరించే గనుక ఆయనకు పక్షపాతం అంటదు.

కార్ట్ పందెం కూడా ఆడేవాడి స్థితిని చూసే ఇస్తుంది, అయితే దాని దిశ ఇందుకు సరిగ్గా ఎదురు. కర్మ సిద్ధాంతంలో ఫలం అర్హతను అనుసరిస్తుంది. ఆటలో వరం అవసరాన్ని అనుసరిస్తుంది. బాగా నడిపినందుకు కాదు, వెనకబడినందుకు నక్షత్రం దొరుకుతుంది. అందువల్ల ఈ ఆటలోని దైవం కర్మఫలదాత కంటే భక్తిసంప్రదాయాల్లోని అనుగ్రహానికి, అంటే అర్హతను తూచకుండా అందే దయకు, దగ్గర. పదమూడు పద్నాలుగు శతాబ్దాల వేదాంతదేశికులు తిరుమలేశుడి దయనే దేవతగా సంబోధిస్తూ దయాశతకం రచించారు. తప్పు చేసినవాడు, దిక్కులేనివాడు ఉన్నప్పుడే దయకు పని ఉంటుందన్న భావం ఆ కావ్యమంతటా పరచుకుని ఉన్నది. దయ అందడానికి జీవుడి ప్రయత్నం ఎంత అవసరమన్నదాని మీద శ్రీవైష్ణవులు రెండు శాఖలుగా చీలారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకున్నట్టు జీవుడు భగవంతుణ్ణి పట్టుకోవాలన్నది మర్కటకిశోర న్యాయం. పిల్లిపిల్లను తల్లి నోట కరచుకుని మోసినట్టు భగవంతుడే మోస్తాడన్నది మార్జాలకిశోర న్యాయం. పుట్టగొడుగు దొరికినా సరైన చోట వాడుకోవలసిన భారం ఆడేవాడిదే గనుక అది మొదటిదానికి, ఫిరంగిగుండై తనంతట తాను పోవడం రెండోదానికి ఉదాహరణలుగా నిలుస్తాయి. శతాబ్దాల పాటు వాదించుకున్న రెండు పక్షాలకూ ఒకే ఆటలో తావు దొరకడం, మానవుడి ఆశ ఆ రెండింటినీ కోరుకుంటుందనడానికి సూచన.

ముందున్నవాడికి తగిలే దెబ్బ సంగతి వేరు. బలిచక్రవర్తి సర్వం కోల్పోవడాన్ని భాగవతం భగవదనుగ్రహంగానే చూస్తుంది గనుక, నీలిచిప్పను కూడా అహంకారాన్ని దించే అనుగ్రహమని సమర్థించవచ్చునని తోచవచ్చు. ఆ సమర్థన నిలవదు. బలి ఇచ్చిన మాటకు కట్టుబడి, తెలిసి, తన తల ఒగ్గాడు. పందెంలో దెబ్బతిన్నవాడికి ఆ ఎంపిక లేదు. ఇతరుల నష్టాన్ని వారి మేలుకేనని చెప్పడం ఎవరికైనా సులువు గనుక ఆ మాటను జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. నీలిచిప్పకు న్యాయమైన సమర్థన మరొకటి ఉన్నది: పందెం ముగిసేవరకూ అందరూ పందెంలో ఉండాలన్నది ఆట నియమం. మొదటి చుట్టులోనే ఫలితం తేలిపోతే మిగిలినవాళ్లు అక్కడ కూర్చుని ఉండడానికి కారణం లేదు, వాళ్లు లేచి వెళ్లిపోతే ముందున్నవాడి గెలుపుకు కూడా అర్థం లేదు. హైదరాబాద్ మలక్‌పేటలోని గుర్రపు పందేల్లో మేలైన గుర్రం మీద అదనపు బరువు పెట్టి హ్యాండిక్యాప్ పందేలు నడపడం వెనక ఉన్న తర్కం కూడా ఇదే.

పాత ఆటలు, వాటి లోపాలు

ఈ మేళవింపు ఎంత అరుదైనదో పాత ఆటల పక్కన పెడితే తెలుస్తుంది. తెలంగాణ ఇళ్ల అరుగుల మీద గవ్వలతో ఆడిన వైకుంఠపాళి, అంటే పరమపద సోపాన పటం, నీతిబోధలో సాటిలేనిది. నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు, పైన వైకుంఠం. అయినా ఆడేవాడి ప్రయత్నానికి అందులో చోటు లేదు. గవ్వలు ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు నడవడమే. కర్మ సిద్ధాంతాన్ని నేర్పడానికి పుట్టిన పటంలో కర్మకు, అంటే చేసే పనికి, చోటు లేకపోవడం ఒక వైరుధ్యం. చదరంగం రెండో కొస. అందులో దైవానికి తావులేదు. అందుకే సమానులు కానివారి మధ్య అది తొలి ఎత్తుల్లోనే ముగిసిపోతుంది, ఓడినవాడు తన బుద్ధిని తప్ప దేన్నీ నిందించలేడు. పచ్చీసు, అష్టాచెమ్మా ఈ రెండింటి నడుమ ఉంటాయి. పందెం గవ్వలది, కాయ ఎంపిక ఆడేవాడిది. కార్ట్ పందేనికి ఇక్కడి ఆటల్లో నిజమైన చుట్టం అష్టాచెమ్మాయే. అయితే అష్టాచెమ్మాలో గవ్వలకు ఎవరు వెనకబడ్డారో తెలియదు, పందెపు ఆటలోని పలకకు తెలుసు. ధర్మరాజును జూదం కూల్చింది, నలుణ్ణి జూదమే అడవుల పాలుచేసింది. నలుడు తిరిగి గెలవడానికి ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయాన్ని, అంటే పాచికల మర్మాన్ని, నేర్చుకోవలసి వచ్చింది. దైవమనుకున్నదానిలో కూడా నేర్వదగిన మర్మం ఉంటుందని ఆ కథ సూచిస్తుంది.

ఫ్రెంచి పండితుడు రోజే కయ్‌వా 1958లో ఆటల మీద రాసిన గ్రంథంలో ఆటలను నాలుగు తెగలుగా విభజించాడు: నేర్పు తేల్చే పోటీ, విధి తేల్చే అదృష్టం, వేషం వేసుకునే అనుకరణ, ఒళ్లు తిరిగే మైకం. పోటీ, అదృష్టం ఎదురెదురు మార్గాల్లో ఒకే గమ్యాన్ని వెతుకుతాయని, నిజజీవితంలో దొరకని సమానత్వాన్ని రెండూ కృత్రిమంగా కల్పిస్తాయని ఆయన గుర్తించాడు. పోటీ అందరినీ ఒకే గీత దగ్గర నిలబెడుతుంది, అదృష్టం అందరినీ ఒకే పాచిక ముందు నిలబెడుతుంది. మారియో కార్ట్‌లో ఈ రెండు సమానత్వాలకు మూడోది తోడైంది. మొదట్లో సమానంగా నిలబెట్టడంతో ఊరుకోకుండా, దారిపొడవునా దూరాలు పెరుగుతున్నప్పుడల్లా వాటిని తగ్గించే ప్రయత్నం చేయడం ఆ మూడోది.

ఒక పందెం, పూర్తి కప్పు

ఇంతటి దయ ఉన్న ఆటలో నేర్పరి చివరికి ఓడిపోతాడా అంటే, తరచుగా ఓడిపోడు. తొలి ఆటలో ఒక కప్పు అంటే అయిదు పందేలు. ప్రతి పందెంలో మొదటి నలుగురికి వరుసగా 9, 6, 3, 1 చొప్పున పాయింట్లు. ఒక్క పందెంలో పిడుగు పడి నాలుగోవాడైన నేర్పరి మిగిలిన నాలుగింటిలో నిలదొక్కుకుని కప్పు గెలుస్తాడు. నేర్పరి దైవాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాడు. తొలి ఆటలోనే అరటితొక్కను వెంటనే పారేయకుండా అదను చూసి వదలడం, తర్వాతి ఆటల్లో దాన్ని బండి వెనక అంటిపెట్టుకుని వచ్చే చిప్పకు అడ్డుపెట్టడం, పిడుగు రాబోయే సమయానికి అగాధం మీదుగా దూకకుండా ఆగడం, నీలిచిప్ప బయలుదేరిందని తెలిసి కావాలని రెండో స్థానానికి తగ్గడం అలవాటు చేసుకుంటాడు. దైవం వచ్చే క్షణం తెలియకపోయినా వచ్చే తీరు తెలిసినవాడు సగం కాచుకున్నట్టే. బుద్ధిపూర్వకంగా కీడు తప్పించుకోవడం మానుషమని సోమదేవుడు చెప్పినది ఇదే. దైవాన్ని పూర్తిగా పక్కనపెట్టి గడియారంతోనే పోటీపడే టైమ్ ట్రయల్ పద్ధతి కూడా ఆటలో ఉన్నది. ఏళ్ల తరబడి అరసెకను కోసం సాధన చేసేవారికి అది తపోభూమి.

ఒక పందెంలో అన్యాయంగా కనిపించినది కప్పు మొత్తంలో న్యాయంగా తేలడం కర్మ సిద్ధాంతం చెప్పే సమాధానాన్నే గుర్తుచేస్తుంది. ఒక జన్మలో లెక్క కుదరకపోయినా అనేక జన్మల్లో కుదురుతుందని ఆ సిద్ధాంతం అంటుంది. అయితే రెండింటి మధ్య ఒక తేడాను విస్మరించరాదు. కప్పు పాయింట్ల పట్టిక తెర మీద అందరికీ కనిపిస్తుంది, జన్మల పట్టిక ఎవరికీ కనిపించదు. కనిపించని పట్టికను ఆధారం చేసుకుని, కష్టంలో ఉన్న మనిషితో ఇది నీ పూర్వకర్మ అని చెప్పడం ఆ సిద్ధాంతాన్ని నమ్మేవారు కూడా చేయకూడని పని. తన కష్టాన్ని తాను ఓర్చుకోవడానికి కర్మ సిద్ధాంతం ఆసరా కావచ్చు; ఎదుటివాడి కష్టాన్ని చూసీ చూడనట్టు పోవడానికి అది సాకు కారాదు.

తలరాతలో మనిషి చేతిరాత

ఆటలో దైవమని ఇంతవరకూ పిలిచినది నిజానికి దైవం కాదు. ఎనిమిదోవాడికి నక్షత్రం ఎన్నిసార్లు రావాలి, మొదటివాడికి అరటితొక్క ఎన్నిసార్లు రావాలి అన్నది క్యోటోలో కొందరు మనుషులు కూర్చుని, ఆడి, సరిచూసి, నిర్ణయించిన నియమం. ఆడేవాడికి అది అదృష్టం, చేసినవాడికి అది విధానం. సోమదేవుడి మాటలో చెప్పాలంటే ఒకరి నయం మరొకరికి దైవంగా కనిపిస్తున్నది. నిన్నటి తన ప్రయత్నమే నేడు తనకు దైవమవుతుందన్న యోగవాసిష్ఠపు సిద్ధాంతానికి ఇక్కడ ఒక చేర్పు అవసరమవుతుంది: ఇతరుల ప్రయత్నం కూడా, నిన్నటిదైనా నేటిదైనా, మనిషికి దైవమవుతుంది.

ఆట బయటి జీవితంలోనూ ఇదే జరుగుతుంది. గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర, మానేరు కూడెల్లి వాగు కలిసే చోట, నిజాం పాలనాకాలపు ఎగువ మానేరు ప్రాజెక్టు ఉన్నది. వాన పడడం దైవమే. పడిన వానను నిలబెట్టడం మాత్రం మనుషుల పని, రాళ్లు మోసినవారి పని, గీతలు గీసినవారి పని. చెరువు నిండి పొలానికి నీరందిన రైతు అది తన అదృష్టమనుకుంటాడు. ఆ అదృష్టంలో తన తాతల కాలపు మనుషుల పురుషకారం దాగి ఉన్నది. శంకరుల ఉపమానంలోని వాన సమానంగా కురుస్తుంది గానీ కట్ట ఉన్న ఊరికీ లేని ఊరికీ ఒకేలా దక్కదు.

ఆ పక్కనే ఉన్న సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతికేవారి సంగతి ఇంతకంటే బాధాకరమైనది. ఇరవయ్యో శతాబ్దం చివరలోను, ఆ తర్వాతి ఏళ్లలోను నూలు ధర పెరిగినప్పుడు, బట్టకు గిరాకీ పడిపోయినప్పుడు, అప్పు మీద అప్పు పెరిగి నేతన్నలు ప్రాణాలు తీసుకున్న వార్తలు రాష్ట్రమంతటినీ కలచివేశాయి. ఆ మరణాలను తలరాత అన్నవారు ఉన్నారు. ఆ కార్మికుడి పురుషకారంలో లోపం లేదు. రాత్రింబవళ్లు సాంచా చప్పుడు మధ్య నిలబడి పనిచేసినవాడికి ఇంకా కష్టపడమని చెప్పడం అర్థంలేని మాట. పూర్వకర్మ అనడం క్రూరమైన మాట. నూలు ధర, కూలి రేటు, అప్పు వడ్డీ, మార్కెట్టు, ఇవన్నీ ఎవరో ఒకరు చేసిన నిర్ణయాలు, లేదా చేయకుండా వదిలేసిన నిర్ణయాలు. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల తయారీని సిరిసిల్ల మరమగ్గాలకు అప్పగించినప్పుడు చేతినిండా పని దొరికిన కార్మికుడికి అది అనుకోని అదృష్టంగా వచ్చింది, అయినా అది విధానమే. అటువంటి ఆర్డర్లు వచ్చినా ఆగినా ఆ ఇళ్ల మీద పడే ప్రభావాన్ని బట్టి, దైవమన్న మాట ఎంత పెద్ద భాగాన్ని నయానయాలకు వదులుకోవలసి ఉందో తెలుస్తుంది. ఊళ్లో పని లేక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయేవారి విషయమూ ఇంతే. మంచి కంపెనీ దొరకడం అదృష్టమని ఇంట్లో చెప్పుకున్నా, ఏజెంటు మోసం చేయకుండా ఆపగల చట్టం, చేసుకున్న ఒప్పందం నిలబడేలా చూడగల వ్యవస్థ మనుషులు కల్పించవలసినవే.

దీనివల్ల దైవమన్నది లేదని చెప్పడం కాదు. రోగం, వార్ధక్యం, ఆప్తుల మరణం, కురవని వాన ఎన్ని విధానాలు చేసినా మిగిలే ఉంటాయి. వాటి ముందు నిలబడడానికి గీత చెప్పిన సమత్వం, అంటే గెలుపు ఓటముల్లో మనసు చెదరకుండా ఉండడం, తప్ప వేరే దారి లేదు. ఆ సమత్వానికి ఆట చిన్నపాటి అభ్యాసం ఇవ్వగలదు. ముగింపు గీత దగ్గర పల్టీకొట్టి, నవ్వి, మళ్లీ మొదటి గీత దగ్గర నిలబడడం పిల్లవాడు నేర్వగల గొప్ప విద్య. అదే ఆట గంటల తరబడి కూర్చోబెట్టి చదువును, నిద్రను మింగేయగలదన్నది కూడా నిజమే గనుక, అభ్యాసమన్న పేరుతో వ్యసనాన్ని వెనకేసుకురావడం తగదు. ఏ ఆటకైనా ముగింపు గీత ఉండడమే దాన్ని ఆటగా నిలుపుతుంది.

సూపర్ మారియో కార్ట్ వరుస ఇన్నేళ్లుగా నిలవడానికి దాని రంగులు, పాటలు, పాత్రల ముచ్చట తోడ్పడ్డాయి. అంతకంటే లోతైన కారణం, లోకం ఎలా ఉంటే బాగుండునని మనుషులు కోరుకుంటారో ఆ ఆట ఆ పద్ధతిలో నడవడం. అక్కడ నేర్పు వృథా కాదు, వెనకబడినవాడు అనాథ కాడు, ముందున్నవాడు నిశ్చింతగా ఉండలేడు, పందెం ముగిసేవరకూ ఎవరి కథా ముగియదు. నిజజీవితంలో చాలాసార్లు ముందున్నవాడికే నక్షత్రం, వెనకున్నవాడికే అరటితొక్క దక్కుతుండడం వల్ల ఆ కోరిక మరింత బలమైనది. దైవ పురుషకారాల వివాదానికి ఈ ఆట ఇచ్చే సమాధానం ఏది గొప్పదన్నది కాదు. ఎవరి పురుషకారం ఎవరికి దైవమవుతున్నదో విచారించడం అసలైన పని అని అది చూపుతుంది. తన శ్రమతో తాను గెలవడం పురుషకారంలో ఒక భాగమే. వెనక వచ్చేవాడి దారిలో ఒక నక్షత్రం ఉండేలా కట్టలు కట్టడం, చట్టాలు చేయడం, బడులు పెట్టడం, అప్పులు మాఫీ కాకపోయినా వడ్డీలు ధర్మంగా ఉండేలా చూడడం దానిలో మిగిలిన భాగం. వెయ్యేళ్ల కిందట వేములవాడ నీడలో కూర్చుని సోమదేవసూరి నయాన్ని మానుషంలో చేర్చడంలో తోచే అర్థం ఇదే. తలరాత అని చేతులు ముడుచుకునే ముందు, ఆ రాతలో మనుషులు రాసినది ఎంత, దిద్దగలిగినది ఎంత అని అడగడం ప్రతి సమాజానికీ ధర్మం.